కళాయి పోయిన గంగాళం

తెల్లవారగానే పుత్తూరు బజారులో మొదట వినిపించేది చెంగయ్య అంగడి రోకటి పోటే. ఆ ఉదయం కూడా ఆయన ఇనుప రోట్లో ఎండిన నల్లేరు కాడలు వేసి, శత్రువు తల దొరికినట్టు దంచుతున్నాడు. అరవై ఏళ్లొచ్చినా భుజబలం తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

అరుగు మీద సత్యవేడు రైతు వెంకటముని కూర్చుని ఉన్నాడు. ఎనిమిదేళ్ల అతని కూతురు భారతమ్మ బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. విరిగిన ఎముకలు కట్టే గోవిందస్వామి కట్టు కట్టి, నలభై రోజులు పూటపూటా ఎముకలు అతుక్కునే లేహ్యం ఉసిరికాయంత పెట్టమన్నాడు. కట్టు కోసం పుత్తూరు వచ్చేవాళ్లు లేహ్యం కోసం చెంగయ్య దగ్గరికి రావడం మామూలే.

"బజారులో మూడు అంగళ్లుండాయి. యాడ మంచిదో, యాడ కల్తీదో మాకేం తెలుస్తాదప్పా?" అన్నాడు వెంకటముని.

చెంగయ్య లేహ్యంలో వేసే ఎండు పెన్నేరు గడ్డ ఒకటి తీసి అతని చెవి దగ్గర విరిచాడు. టక్కుమంది.

"ఈ శబ్దం రావాల. వంగినాదంటే పాత సరుకు. నెయ్యి అరచేతిలో ఏస్తే ఒంటి వేడికే కరగాల. తేనె నీళ్లలో ఇడిస్తే దారం మాదిరి అడుక్కు పోవాల. ఇవన్నీ ఎవుడైనా చెప్తాడు. నా అంగట్లో ఇంకోటి ఉండాది, అది మాత్రం యాడా చూడవు. రోంతసేపు ఉండు."

ఆ ఇంకొకటి వాళ్ల ఇంటి ఆచారం. కొత్త జాడీ విప్పిన రోజు మొదటి ముద్ద కొనేవాళ్ల ఎదుట ఇంటి బిడ్డ తినాలి. చెంగయ్యకు వాళ్ల నాయన పెట్టాడు. చెంగయ్య తన కొడుకు మునిరామయ్యకు పెట్టాడు. ఇప్పుడు మునిరామయ్య కూతురు, నాలుగేళ్ల అక్కమ్మ వంతు. మన బిడ్డ నోట్లో పెట్టలేనిది ఇంకొకరి బిడ్డకు అమ్మకూడదు, అంతే ఆయన వ్యాపారం.

"మునిరామా! జాడీ తేరా. లోపల చచ్చినావా?"

మునిరామయ్య జాడీ తెచ్చి పెట్టాడు. రెండేళ్లుగా లేహ్యం వంట అతనిదే. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి తండ్రి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెవి కింద పది రోజుల నాటి చెప్పుదెబ్బ ఇంకా కమిలే ఉంది.

"పాపకు జలుబు చేసినాది నాయనా. ఈ పొద్దు వద్దు."

"జలుబైతే ఇంకా మంచిది. అమ్మా పంకజాక్షీ, పాపను తీసుకురా."

"పోనీ, నేను తింటాలే."

"గాడిద మాదిరి పెరిగినావు. నువ్వు తింటే సూసి ఎవురు కొంటార్రా?"

అరుగు ముందు చేరిన జనం నవ్వారు. కోడలు పంకజాక్షి బిడ్డను తెచ్చి మామ ఒళ్లో కూర్చోబెట్టింది. అక్కమ్మకు ఇది ఇష్టమైన ఆట. తాత చెంచా ఎత్తక ముందే నోరు తెరిచింది.

చెంచా పెదవికి తగలబోతుండగా మునిరామయ్య ఒక్క దూకు దూకి దాన్ని కొట్టాడు. చెంచా అంచు బిడ్డ పెదవిని చీల్చుకుంటూ ఎగిరిపోయింది. జాడీ దొర్లి రాతి మెట్టు మీద పగిలింది. అక్కమ్మ గౌను మీద నెత్తురు కారింది. బిడ్డ కేక పెట్టింది.

చెంగయ్య బిడ్డను కోడలికి అందించి, కింద పడిన లేహ్యాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మాడు. నల్లటి ముద్దలో అక్కడక్కడా పచ్చటి చారలు. రాగి చిలుము.

"కళాయి పూత పోయిన రాగి గంగాళంలో పుల్లటి ఉసిరికాయ ఉడికిచ్చినావా?"

మునిరామయ్య తల వంచుకున్నాడు.

"నీ బిడ్డకు వద్దు. ఊరోళ్ల బిడ్డలకైతే పెట్టొచ్చునా?"

చెంగయ్య రోట్లోని ఇనుప రోకలి లాగాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది నెత్తి మీద పడబోతే మునిరామయ్య కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పెన్నేరు గడ్డ విరిగిన శబ్దమే వచ్చింది. మోచేతికీ మణికట్టుకూ నడుమ చెయ్యి వంగి వేలాడింది.

మూడో దెబ్బకు చెంగయ్య చేతులు ఎత్తేసరికి వెంకటముని కేక పెట్టాడు.

"ఉండప్పా! నిన్న సాయంత్రం నువ్వు లేనప్పుడు మా ఇంటిది ఈడి దగ్గరే రోంత లేహ్యం తెచ్చినాదే, తెల్లారి పరగడుపున పెడతానన్నాది! అదీ ఈ జాడీలోదేనా?"

మునిరామయ్య విరిగిన చెయ్యి పట్టుకుని అన్నాడు. "అదే. ఆయమ్మ బిడ్డకు నొప్పని ఏడ్చినాది, ఇచ్చినాను. ఉడకతానే దించేస్తే ఏం కాదనుకున్నా. తెల్లారి గంగాళం తోమతా ఉంటే చిలుము కనపడినాది. పాపకు పెట్టకుండా ఆపి, జాడీ ఎత్తి పారేసి, మీ విడిదికి పరిగెత్తుకొద్దామని..."

మాట పూర్తి కాలేదు. వెంకటముని అతని గొంతు పట్టుకుని స్తంభానికేసి బాదాడు. చెంగయ్య భార్య జ్ఞానాంబ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి నడుమ దూరింది. ఆమె నుదుటి మీద ఒక దెబ్బ పడింది.

"చంపుకుంటా కూర్చుంటే ఆడ విడిదిలో ఆ బిడ్డ పోతాది! పోండి!" అని అరిచింది.

చెంగయ్య చెంబు నిండా పాలు, పంచె కొంగులో కోడిగుడ్లు వేసుకుని వెంకటముని వాళ్లు దిగిన విడిదికి పరిగెత్తాడు. భారతమ్మ కట్టిన కాలితో మంచానికి అడ్డంగా వాలి, పచ్చగా కక్కుతోంది. కళ్లు తేలేస్తోంది. చెంగయ్య తెల్లసొన పాలలో గిలకొట్టి పట్టించాడు. కక్కితే మళ్లీ పట్టించాడు. నలభై ఏళ్లు కూడబెట్టుకున్న నమ్మకం అంతా ఆ ఎనిమిదేళ్ల గొంతులో ఇరుక్కుని ఉందని ఆయనకు తెలుసు. కానీ ఆ పొద్దు ఆయన అడిగింది బిడ్డ ప్రాణం ఒక్కటే.

మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. పొద్దు వాలాక భారతమ్మ కళ్లు తెరిచి, "అమ్మా, గంజి" అంది. వెంకటముని లేచి చెంగయ్య చెంప పగలగొట్టాడు. తర్వాత ఆయన కాళ్ల దగ్గరే కూలబడి ఏడ్చాడు. చెంగయ్య చెంప తడుముకోలేదు. ఆ దెబ్బ తనకు రావలసిందే అనుకున్నాడు.

అక్కడి నుంచి ఆయన గోవిందస్వామి కొట్టానికి వచ్చాడు. నులక మంచం మీద మునిరామయ్య. పక్కన జ్ఞానాంబ, కోడలు, పెదవి వాచిన అక్కమ్మ.

"ఆ బిడ్డ బతికినాది. బతక్కపోయుంటే నీ రెండో చెయ్యీ ఇరిచేసుంటా."

"ఇరువు!" జ్ఞానాంబ లేచి నిలబడింది. నుదుట నెత్తురు ఎండి ఉంది. "కాళ్లు కూడా ఇరువు. పది దినాల కింద ఏం జరిగినాదో చెప్పనా? యుద్ధంలోకి జపానోళ్లొచ్చినప్పట్నుంచీ కళాయి పూసే తగరం ఓడల్లో రాలేదని కళాయోడు గంగాళం తిప్పి పంపినాడు. ఆ మాట చెప్పేదానికొచ్చిన కొడుకును చెప్పు తీసుకుని కొట్టినావు. 'సాకులు చెప్పొద్దు, వారంలో జాడీ నిండాల' అన్నావు. అన్నావా లేదా?"

చెంగయ్య కోడలి వైపు తిరిగాడు.

"కొత్త కుండలో వండుదామని నేనన్నాను మామా," అంది పంకజాక్షి నేల చూస్తూ. "'కుండ సూస్తే నాయన నా నెత్తినే పగలగొడతాడు' అన్నాడు ఆయన."

"గడ్డ విరిచి శబ్దం ఇంటావు," అంది జ్ఞానాంబ. "తేనెను నీళ్లలో వదిలి సూస్తావు. ఇరవై ఎనిమిదేండ్లలో ఈడి మాట ఒక్కటన్నా చెవిన పెట్టినావా? తప్పు చేసినాడు, నిజమే. చెప్పే దారి నువ్వు మూసినావు."

గోవిందస్వామి చేతులకు నూనె రాసుకుంటూ దగ్గరికొచ్చాడు. "మాటలు తర్వాత. ఎముక లాగి కూర్చోబెట్టాల. చెంగయ్యా, నువ్వు ఇరగ్గొట్టిన చెయ్యే కదా, ఈ భుజం నువ్వే పట్టుకో. గట్టిగా."

చెంగయ్య కొడుకు భుజం పట్టుకున్నాడు. ఆ భుజాన్ని కొట్టడానికి తప్ప ఎప్పుడు ముట్టుకున్నాడో గుర్తు రాలేదు. గోవిందస్వామి ఒక్క లాగు లాగాడు.

"నాయనా!"

మునిరామయ్య అరిచిన అరుపుకు అక్కమ్మ అవ్వ కొంగులో దూరింది. నొప్పిలో కూడా కొడుకు పిలిచింది విరగ్గొట్టినవాణ్ణే. వెదురు బద్దలు పెట్టి కట్టు కడుతున్నంతసేపూ చెంగయ్య కన్నీళ్లు ఆ గుడ్డ మీదే పడ్డాయి.

"కొట్టేసినాను రా," అన్నాడు చివరికి. "నోరు తెరిచినప్పుడల్లా కొట్టినాను."

"నిన్న సాయంత్రమే ఆ జాడీ ఆపుండాల్సింది నాయనా. ఆ బిడ్డకు ఏమన్నా అయ్యుంటే..."

వారం తిరిగేసరికి అంగడి ముందు పొయ్యి మీదికి కొత్త కుండ ఎక్కింది. ఈసారి వండింది చెంగయ్య. వెంకటముని దూరంగా నిలబడ్డాడు. కొందామని కాదు, చూద్దామని. పాత గిరాకీలో సగం మంది కూడా రాలేదు.

చెంగయ్య చెంచా ఎత్తగానే అక్కమ్మ పెదవి మీది గాటు తడుముకుని తల్లి వెనక దాక్కుంది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది.

"వద్దు తల్లీ. ఇంక మీదట వండినోడే ముందు తినాల," అని ముద్ద తన నోట్లో పెట్టుకున్నాడు.

అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. మెడకు చెయ్యి వేలాడదీసుకున్న మునిరామయ్య మెల్లగా అడిగాడు.

"ఎట్లుండాది నాయనా?"

"అడుగంటినాది," అన్నాడు చెంగయ్య, బజారంతా వినేలా. "చిలుము లేదు, కానీ మాడినాది. ఇది అమ్మేది కాదు. నాకు చేతకాలేదు రా. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, ఇంకో కుండ పెడతా."

ఎదుటి కొట్టు వాళ్లు ముఖాలు చూసుకున్నారు. వెంకటముని ముందుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

జ్ఞానాంబ రెండో కుండ తెచ్చింది. చెంగయ్య పొయ్యి రాజేసి, ఉసిరి గుజ్జు వేసి, తిప్పడం మొదలుపెట్టాడు. మునిరామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. తండ్రి చేతిలోని కట్టెగరిటె వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మంట ఎక్కువుండాది నాయనా. తగ్గించాల."

చెంగయ్య వంగి, పొయ్యిలోంచి ఒక కట్టె బయటికి లాగాడు.