ఉప్పు కాస్త తగ్గింది

ఆ ఉదయం కూడా ఇల్లంతా మాడు వాసనే.

"నీళ్ళు ఇగిరిపోయాయి, మంట తగ్గించండని అరిచానా లేదా?" గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది ఆవిడ. తలకు చుట్టుకున్న నూలుగుడ్డ అంచున ఇప్పుడిప్పుడే నూగులాంటి వెంట్రుకలు కనబడుతున్నాయి.

"వినపడలేదు," అన్నాడాయన గిన్నె అడుగు గీకుతూ.

"చేతి గడియారం చప్పుడు పక్క గదిలోంచి కూడా వినపడుతుంది. పెళ్ళాం మాట మాత్రం వినపడదు!"

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి వైపు గదే కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో ఎత్తి దాని చోట కూర్చోబెట్టగలడు. అలాంటి చేతులకి గుప్పెడు బియ్యం లొంగకపోవడం ఆవిడకు మింగుడుపడటం లేదు.

కీమోథెరపీ ముగిసింది. రేడియేషన్ మొదలుపెట్టేలోగా ఒళ్ళు కాస్త కోలుకోవాలని డాక్టరు కొన్ని వారాలు విరామం ఇచ్చింది. బాగా తిని విశ్రాంతిగా ఉండమంది. ఈవిడేమో ఆ మాట అక్కడే వదిలేసి మొగుడికి వంట నేర్పడం పెట్టుకుంది. ఏ డబ్బాలో ఏముందో చూపించింది. కూతురికి జలుబు చేస్తే ఏం కాచి ఇవ్వాలో రెండుసార్లు చెప్పించుకుంది. రేడియేషన్ తేదీ ఖాయం చేయమని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తే మాత్రం, "చూద్దాం," అని పెట్టేసేది.

"అమ్మా, ఇవాళైనా తేదీ చెప్పవే," అంది కూతురు చెప్పులు తొడుక్కుంటూ.

"చూద్దాంలే పిచ్చుకా. ముందు మీ నాన్నకి అన్నం వండటం రానీ."

"ఈ లెక్కన నీకు మనవలు పుట్టినా రాదు," అని నవ్వి ఆఫీసుకు బయలుదేరింది పిచ్చుక.

మర్నాడు సగం దారిలో చినుకులు పడితే గొడుగు కోసం వెనక్కి వచ్చింది. పెరటి తలుపు తీసేసరికి తండ్రి పొయ్యి దగ్గర ఉన్నాడు. గడియారాన్ని చెవికి పెట్టుకున్నట్టు గిన్నె వైపు తల వంచి వింటున్నాడు. లోపల కుతకుతలు ఆగాయి. ఆయన చెయ్యి పొయ్యి మీట మీదికి వెళ్ళింది. ఆర్పుతాడనుకుంది. ఆయన మంట పెద్దది చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా! కావాలని మాడుస్తున్నావా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. పిచ్చుకే వెళ్ళి పొయ్యి ఆర్పింది.

"నిలబడే ఓపిక లేకపోయినా అమ్మ నీకు నేర్పుతోంది. ఇదేం పని? వంట చెయ్యడానికి నామోషీయా?"

ఆ అరుపులకి ఆవిడ మంచం దిగి వచ్చింది. గిన్నెలోకి చూసింది. అన్నం కింద అప్పుడే ఎర్రబడుతోంది.

"నిజమేనా అండీ?"

"నిజమే. నేను నేర్చుకోను." ఆయన గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "ఎందుకు నేర్పుతున్నావో తెలీదనుకున్నావా? అన్నీ అప్పజెప్పేసి, ఇంక నాకేం పని అని కూర్చుందామని. నేనో గిన్నెడు అన్నం సరిగ్గా వండానంటే ఆ తేదీ నువ్వు ఎప్పటికీ చెప్పవు. అందుకే వండను. ఏం చేసుకుంటావో చేసుకో."

ఆవిడ కుర్చీలో కూలబడింది. చీర అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"భయమేస్తోందండీ," అంది. "ఆ మందులతోనే ఒళ్ళు పీల్చేసినట్టయింది. నాలిక కూడా చచ్చింది. ఏం తిన్నా తడిసిన కాగితం నమిలినట్టుంది. ఇన్నాళ్ళకి నన్నెవరూ గుచ్చకుండా వదిలేశారు. మళ్ళీ ఆ మిషను కింద పడుకోవాలంటే... ఇంక చాలు, ఇలాగే ఉండిపోదాం అనిపించింది."

పిచ్చుక తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. "రోజూ తేదీ తేదీ అని ప్రాణం తీశాను. భయమని ఒక్కసారైనా చెప్పలేదేంటమ్మా?"

"చెబితే మీరు ఏడుస్తారని."

"మరిప్పుడేం చేస్తున్నాం?"

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి. మొగుడి వైపు చూసింది. ఆయన గోడకి తిరిగి, పంచె చెంగుతో భూతద్దం తుడుస్తున్నాడు. అద్దానికి మరకేమీ లేదు.

"రోజూ నాతో ఆసుపత్రికి వస్తారా? కొట్టు మూసేసి?"

"తాళం వేసి నీ చేతికే ఇస్తా."

"ఆ ఫోన్ ఇలా ఇవ్వవే," అంది ఆవిడ.

ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ చెప్పింది. ఈసారి చూద్దాం అనలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన ఎవరినీ అడగకుండా వండాడు. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. బంగాళదుంపల కూరలో ముక్కలన్నీ అచ్చు ఒక్క కొలతకే తరిగినట్టున్నాయి. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆయన గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

ఆవిడ నోటికి ఏమీ తెలియలేదు. ఉప్పూ లేదు, కారమూ లేదు. నెమ్మదిగా నమిలి మింగింది.

"ఉప్పు కాస్త తగ్గింది," అంది. "మీకు నేర్పాల్సింది ఇంకా చాలా ఉంది."

పిచ్చుక కూర రుచి చూసింది. ఉప్పు రవ్వంత కూడా తగ్గలేదు. తలెత్తి తల్లి మొహంలోకి చూసింది.

"అవును నాన్నా," అంది. "తగ్గింది."

ఆయన కూడా ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మిటకరించి, గరిటె కింద పెట్టాడు.

"అయితే రేపు నువ్వే దగ్గరుండి చూసుకో," అన్నాడు.