వెనక సీటు కింద గొట్టం

నేను పావలా నిజానికి ముప్పావలా కలిపి చెబుతానని మా ఇంట్లో గిట్టనివాళ్ళ మాట. గిట్టేవాళ్ళ మాట కూడా అదే. అందుకే ఈ ఒక్కటీ ఏమీ కలపకుండా రాస్తున్నాను. ఆ గొట్టం మాత్రం వంద మూరలుంది. సరే, ఎనిమిది మూరలు.

మా అమ్మాయికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. నా అరచేతిలో పట్టేస్తుంది, ఇంకా ఓ తమలపాకుకి చోటు మిగులుతుంది. ఇరవై రోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. "రేపు తీసుకెళ్ళండి. దారిలో చలి మాత్రం తగలనివ్వకండి" అంది డాక్టరమ్మ. రెండు గంటల దారి. బయట మాట నోట్లోంచి రాగానే గడ్డకట్టేంత చలి. మాకున్నది ఒకే ఒక్క ముసలి కారు, పొడుగ్గా, మూడు వరసల సీట్లతో. వెనక సీటు కింద దానికి వేరే హీటరుంది. ఇంజన్లో కాగిన నీళ్ళు కారు అడుగున రబ్బరు గొట్టాల్లో వెనక్కొచ్చి, దాన్ని వేడెక్కించి మళ్ళీ ముందుకు పోవాలి. గొట్టాలు కారిపోతున్నాయి.

మా మరిది మెకానిక్కు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తన షెడ్డులో పని మొదలెట్టాడు, నేను సాయం. వాన జల్లు కొడుతోందని షట్టరు సగం దించి ఒక్క బల్బు వేశాడు. కాలిన నూనె వాసన. తడిసిన ఇనుము వాసన. రేకుల మీద చినుకుల చప్పుడు.

పాత గొట్టాలు ఊడదీసి నా ఒళ్ళో పడేశాడు.

"వదినా, జానెడు జానెడుకీ నొక్కి చూడు. ఎక్కడ పాడయ్యాయో తెలిస్తే కొత్తవి అక్కడ ఒరుసుకోకుండా వేస్తాను."

నొక్కుతూ పోయాను. పగుళ్ళున్నాయి గానీ నా మడమల కంటే నయం. నడిమికొచ్చేసరికి ఓ ఉబ్బు తగిలింది. మెత్తగా... వెచ్చగా.

ఆ కారు స్టార్టు చేసి పది రోజులైంది.

"ఏమయ్యా, ఇది వెచ్చగా ఉంది!"

"పోయినసారి మీ వంటింట్లో పిల్లి పులంత ఉందన్నావు."

"పులంతే ఉంది!"

"ఉంటుందిలే. కారెక్కి కూర్చో."

కొత్త గొట్టాన్ని ఊది చూడందే బిగించడు మా మరిది. కారు కింద ఎక్కడైనా మడత పడిందేమో అలా తెలుస్తుందట. తను ముందునుంచి ఊదుతాడు. నేను వెనక సీట్లో గొట్టం కొస చెంప దగ్గర పెట్టుకోవాలి. గాలి తగిలితే జవాబుగా రెండుసార్లు ఊదాలి.

తలుపులు వేసుకుని కూర్చున్నాను. పైకెత్తిన బానెట్టు అడ్డం. మరిది కనబడడు.

గాలొచ్చింది. చల్లగా, కొత్త రబ్బరు వాసనతో. రెండుసార్లు ఊదాను.

అటునుంచీ రెండుసార్లు ఊదాడు. ముసలాడికి సరసం ఎక్కువైందనుకుని నేనూ ఊదాను.

మళ్ళీ రెండు. ఈసారి వెచ్చగా ఉంది. రబ్బరు వాసన లేదు... పాల వాసన. పసిపిల్లల నోటి వాసన.

"చాల్లేవయ్యా" అని గొట్టంలో గుసగుసగా అన్నాను.

గాలి ఆగింది.

తర్వాత... లోపలికి లాగింది. నా చెంప గొట్టానికి అతుక్కుపోయింది. వదలదు. రెండు చేతులా గుంజితే గానీ ఊడలేదు. 

అప్పుడు షట్టరు కిర్రుమంది. మరిది బయటినుంచి లోపలికొచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. చేతిలో కొత్త క్లిప్పులు.

"నువ్వెక్కడికెళ్ళావు?"

"క్లిప్పులు చిన్నవయ్యాయని కొట్టుకెళ్ళాను. నువ్వు ఊదగానే గొట్టంలో గుడ్డ కుక్కి వెళ్ళా, ఎలుకలు దూరకుండా."

"మళ్ళీ ఊదింది..."

"ఎవరూ?"

ఇద్దరం బానెట్టు దగ్గరికెళ్ళాం. చేతిగుడ్డ కొస కుక్కి, మిగతాదంతా బయటికి వేలాడదీశాడట. ఇప్పుడు వేలెడంత కొస మాత్రం కనబడుతోంది. పట్టుకు లాగాడు. వస్తూనే ఉంది. ఆఖరికి ఊడొచ్చిన గుడ్డ నుంచి ఆవిరి లేచింది.

"ఇది వద్దు. వేరే గొట్టం తే."

"ఉన్నవి రెండే వదినా, నీళ్ళు రావడానికొకటి, పోవడానికొకటి. కొట్టువాడు నా వెనకే తాళం వేసుకుపోయాడు. రేపు పొద్దున్నే బయల్దేరాలి." నా మొహంలోకి చూడకుండా అన్నాడు. "హీటరు లేకుండా ఆ పసిగుడ్డు రెండు గంటలు తట్టుకోదు. బిగించనా, వద్దా?"

బిగించమన్నాను. నేనే అన్నాను.

మర్నాడు కారు వెచ్చగా, ఒడిలా ఉంది. పాపకి తుమ్మయినా రాలేదు. ఇల్లు చేరాక మరిది ఇంజనాపి, తాళంచెవి జేబులో వేసుకుని, సామాన్లు దించడానికి దిగాడు. అమ్మాయి పక్క పరుస్తానని లోపలికెళ్ళింది. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో పాప.

హీటరు ఫ్యాను ఆగిపోయింది. చప్పుడు లేదు.

సీటు కిందనుంచి నా మడమలకి వెచ్చటి గాలి తగిలింది. ఒకసారి. ఇంకోసారి.

ఆగింది. ఎదురుచూస్తున్నట్టు.

కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చచ్చినా ఊదను.

నా ఒళ్ళో ఇరవై రోజుల పిల్ల, మూసిన కళ్ళు మూసినట్టే ఉండి, పెదాలు సున్నాలా చుట్టింది.

రెండుసార్లు ఊదింది.