భుజం మీద చెయ్యి

పొద్దున్నే కిందికి దిగి ఫోటో స్టూడియో షట్టరు ఎత్తడం, మెత్తటి గుడ్డతో కెమెరా లెన్సు తుడవడం, కస్టమరు కూర్చునే స్టూలును ఒకసారి ఊపి చూడడం ఆయనకు పళ్ళు తోముకోవడమంత అలవాటు. ఆ రోజూ అన్నీ చేశాడు. టీ పట్టుకుని దిగిన భార్యకు మాత్రం ఒక తేడా కనిపించింది. నమూనా కోసం గోడకు తగిలించిన కూతురి ఫోటో వెనక్కి తిరిగి ఉంది.

"ఏమండీ, పాపం ఆ ఫోటో ఏం చేసింది మిమ్మల్ని?"

"నిన్న టీవీలో నువ్వూ చూశావుగా. ఆ పోటీలో ఉన్న నర్సమ్మాయి దీన్ని సొంత చెల్లెల్లా చూసుకుంటోంది. ఇదేమో ఎంత తాపీగా అంది, 'నేను ఆమెను నమ్మను' అని. మనం పెంచిన పిల్లేనా అది?"

ఆవిడ టీ బల్ల మీద పెట్టింది.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. నాన్న కెమెరా ముందు మాత్రం రెప్ప వేయకుండా కూర్చునేది. కొత్త లైటు కొన్నప్పుడల్లా ఆయన ముందుగా దాన్నే కూర్చోబెట్టి చూసుకునేవాడు. అలాంటి పిల్ల, వారానికొకరిని బయటికి పంపేసే టీవీ పోటీకి, కొత్త మనుషులతో తాళం వేసిన ఇంట్లో ఉండడానికి, ఆయన వద్దంటున్నా వెళ్ళింది. బయల్దేరినప్పుడు ఆయన చేతిలో పని మీంచి తలెత్తలేదు.

టీ చల్లారకముందే ఛానెల్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మేడ మీద హాల్లో వాళ్ళిద్దరికీ ఎదురుగా కూర్చుని, ఎంతో కావలసినదానిలా చెప్పుకొచ్చింది.

"రేపు మీ ఇద్దరూ లోపలికి వెళ్తారాంటీ. మీరొచ్చేసరికి వాళ్ళంతా ఎలా ఉన్నవాళ్ళు అలాగే బొమ్మల్లా ఆగిపోవాలి. గంట మోగేదాకా కదలనివాళ్ళను ఈ వారం ఎవరూ బయటికి పంపలేరు. కదిలితే ఇక జనం ఓట్లే దిక్కు. మీ అమ్మాయికి అవి బాగా తక్కువగా ఉన్నాయి. అందుకే వెళ్ళగానే, నాయనమ్మకు సీరియస్‌గా ఉందని చెప్పండి."

మూలన కుర్చీలో పేపరు చదువుతున్న అత్తగారు కళ్ళజోడు కిందికి దింపింది. "ఎవరికే సీరియస్?"

"ఉత్తుత్తికే బామ్మగారూ."

"ఉత్తుత్తికైనా ముందు నాకో మాట చెప్పాలిగా తల్లీ. మంచం ఎక్కాలో వద్దో నేనూ చూసుకోవాలి."

తల్లికి నవ్వు రాలేదు. "అది విని ఏడిస్తే కదిలినట్టేగా. మీరే ఓడించి, మీరే ఓట్లు వేయిస్తారా?"

"అమ్మ కనిపిస్తే ఎంత గట్టివాళ్ళైనా కదిలిపోతారాంటీ. ఎలాగూ ఓడిపోతుంది. కనీసం జనంలో జాలైనా మిగలాలి కదా. తర్వాత మీ ఇష్టం."

ఆ 'మీ ఇష్టం' ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. చెప్పకపోతే, పిల్ల ఓడిపోవడానికి తనే కారణమవుతుందేమో.

ఆ అమ్మాయి వెళ్ళాక ఆయన తేల్చేశాడు. "నేను రాను. నువ్వు వెళ్ళి ఏడిపించుకో. ఆ ఇంట్లో అందరూ చేసేది నటనేగా."

పొద్దున మింగిన మాట ఆవిడ గొంతు దాటింది. "మీరు విన్నది అది అన్న మాటేనా? వాళ్ళు వినిపించినంతేనా? నలుగురున్న ఫోటో తెచ్చి ఒక్కరినే కత్తిరించి ఇమ్మంటే ఇచ్చేస్తారు కదా మీరు. ఆ మనిషి భుజం మీద మిగిలిపోయిన చెయ్యి ఎవరిదని ఎప్పుడైనా అడిగారా?"

ఆయన చెప్పులేసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఛానెల్ కారు వచ్చేసరికి మాత్రం, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నీకు కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలిగా," అన్నాడు ఎటో చూస్తూ.

ఆ టీవీ ఇంట్లో ప్రతి గోడలోనూ ఒక కెమెరా ఉంది. తలుపు తెరుచుకోగానే వంటగట్టు దగ్గర పిచ్చుక కనిపించింది. చేతిలో నీళ్ళ గ్లాసు. చిక్కిపోయింది. పక్కనే నర్సమ్మాయి, ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయినట్టుంది. ఆమె చెయ్యి పిచ్చుక భుజం మీద ఉంది.

ఆయన ఆ చేతిని చూశాడు. అలా చూస్తూ ఉండిపోయాడు.

తల్లి చెవిలో పెట్టిన యంత్రంలోంచి ఛానెల్ అమ్మాయి గొంతు మెల్లగా వినిపించింది. "చెప్పండాంటీ. నాయనమ్మ సంగతి చెప్పండి."

ఆవిడ నోరు తెరిచింది. పిచ్చుక చేతిలో గ్లాసు సన్నగా వణుకుతోంది. ఎంత ఉగ్గబట్టుకుని నిలబడిందో అప్పుడు అర్థమైంది తల్లికి.

"నాయనమ్మ నిక్షేపంగా ఉందే," అంది. "నిన్ను ఎవరేమన్నా టీవీకి ఎదురు కూర్చుని తిట్టిపోస్తోంది. రిమోట్ మా చేతికి ఇవ్వడం లేదు."

చెవిలో గొంతు పెరిగింది. ఆవిడ ఆ యంత్రం తీసి జాకెట్లో దోపుకుంది.

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవి అదరబోయింది. ఇంకొక్క క్షణమైతే కదిలిపోయేదే. అప్పుడు ఆయన ముందుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళకూ చేసినట్టే, రెండు వేళ్ళు కూతురి గడ్డం కింద పెట్టాడు.

"గడ్డం పైకి. భుజాలు వదులు. ఇటు, నా వైపు చూడు. నేను చెప్పేదాకా రెప్ప వేయకు."

పిచ్చుక పెదవి కుదురుకుంది. గ్లాసులో నీళ్ళు నిలిచాయి. స్టూడియోలో కొత్త లైటు ముందు కూర్చున్న పిల్ల మళ్ళీ అక్కడ నిలబడింది.

ఆయన నర్సమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వూ అంతే తల్లీ. ఆ చెయ్యి అక్కడే ఉంచు. బాగుంది."

గంట మోగింది. ఆయన ఫోటో తీశాక ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "అయిపోయింది."

అప్పుడు కదిలింది పిచ్చుక. గ్లాసు ఎటు పోయిందో, నాన్న చొక్కా ఇస్త్రీ ఏమైందో ఎవరూ చూడలేదు.

"నర్సమ్మాయిని నమ్మనన్నావని టీవీలో చూపించారే," అంది తల్లి.

"నేనన్నది ఆమెను కాదు నాన్నా," అంది ఆ చొక్కాలోకే. "ఆ మాట..."

"తెలుసు. కత్తిరించారు. ఆ పని నాకు తెలియదా? అయినా టీవీలో విన్నప్పుడు తట్టలేదు చూడు." ఆయన కూతురి తల నిమిరాడు. "ఎంత బాగా నిలబడ్డావే."

బయటికి వచ్చాక ఛానెల్ అమ్మాయి మొహం ముడుచుకుంది. "ఏడవాల్సిన చోట ఏడుపే లేదు సార్. ఇందులో ఎంత చూపిస్తారో నేను చెప్పలేను."

"చూపించకపోయినా ఫరవాలేదమ్మా," అన్నాడాయన. "నేను మొత్తం చూశాను."

ఇంటికి రాగానే ఆయన చెప్పులైనా విప్పకుండా స్టూడియోలోకి వెళ్ళాడు. ఫోటోను ఇటు తిప్పి, గుడ్డ తీసుకుని, తుడవడం మొదలుపెట్టాడు.