మూడో తలకి నీళ్ళ ఛార్జి

అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పే మాట ఒక్కటే. అద్దె ఎంతని అడక్కండి, అద్దె కాక ఇంకేమేం కట్టాలో అడగండి. మూరెడు అద్దెకి బారెడు తోక ఉంటుంది. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదనుకోండి. అప్పట్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొగుణ్ణి వదిలేసి వచ్చాను. కారణాలు నావి. కొన్నాళ్ళు అన్నయ్య ఇంట్లో ఉన్నాం, నేనూ నా ఏడేళ్ళ కూతురూ. రానురాను వంటింట్లో వదిన గిన్నెల చప్పుడు పెరిగింది. అర్థం కాక కాదు, అర్థమయ్యే బయటపడ్డాం. గుమ్మం దాటుతుంటే అన్నయ్య అన్నాడు: "ఆరు నెలలు చూస్తానే. నీ ఒక్కదాని జీతంతో ఇల్లు నడుపుకున్నావా, సరే. లేదంటే పాపని వాళ్ళ నాన్న దగ్గరికి పంపేద్దాం. నీ పంతానికి దాన్నెందుకు మాడ్చడం?"

తోడబుట్టినవాడు అనాల్సిన మాటేనా అది! ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. నడిపి చూపిస్తాననుకున్నాను.

నాది డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ పని. పొద్దున్నించీ ఆవిరిలో నిలబడే ఉద్యోగం. నా జీతానికి తగ్గట్టు మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు దొరికింది. అద్దె, కరెంటు, గ్యాసు, పాప స్కూలు అని వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. సరిపోయింది. చిటికెన వేలు ఒకటి మిగిలింది కూడా.

మొదటి నెల తిరిగేసరికి ఆ వేలూ పోయింది. మెయింటెనెన్సట. చెత్త తీసినందుకట. నీళ్ళ మోటారుకట. ఎప్పుడూ కదలని లిఫ్టుకి రిపేరు ఛార్జట. ఎప్పుడూ మోగని జనరేటరుకి ఇంకో ఛార్జట. గోడలకి ఎప్పుడో వేయబోయే రంగుకి ఇప్పట్నించే చందా అట. పళ్ళు కొరుక్కుంటూ కట్టాను. బల్బు ఒకటే వెలిగించేదాన్ని. ఫ్యాన్ వేసుకోవాలంటే పాప నన్ను అడిగి వేసుకునేది. నవ్వుకోండి, పర్వాలేదు.

వీటన్నిటి మీదా నీళ్ళ ఛార్జి వచ్చింది. ఆ బిల్డింగులో నీళ్ళకి మీటర్లు లేవు. తలకింత అని వసూలు చేస్తారు. అందరూ తలలు తగ్గించి చెబుతారని సెక్రటరీ ఎవరి మాటా నమ్మడు. నెలకోసారి భోజనాల వేళకి ప్రతి గుమ్మం ముందూ నిలబడి, చూపుడువేలితో ఇంట్లోవాళ్ళని లెక్కపెట్టుకుపోతాడు. రిటైరైన పెద్దమనిషి, వేరే పనేముంది? పిల్లలందరూ ఆయన్ని మీటరు తాతయ్య అంటారు.

మాకు ముగ్గురని చీటీ వచ్చింది.

పొరపాటేమో అనుకుని కిందకి దిగాను. ఆయన అద్దాలు తుడుచుకుంటూ, "పొరపాటేం లేదమ్మా. నువ్వూ, పిల్లలిద్దరూ," అన్నాడు.

"నాకు ఒక్కతే కూతురండీ."

"ఆ మాట అందరూ అంటారు. పోయిన నెల పై ఫ్లాటువాళ్ళు సొంత మామగార్ని బీరువా వెనక దాచారు. నేను కళ్ళతో చూసిందే రాస్తాను."

ఆయన వచ్చినప్పుడు నేను వడ్డించే పనిలో ఉండగా పక్కింటి పిల్ల ఎవరో వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను. రెండో నెలా ముగ్గురే. మూడో నెలా ముగ్గురే. కట్టనని మొండికేస్తే దాని మీద ఫైను వేశాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఎవరితోనూ అనలేదు. సాయంత్రం నేనూ పాపా కలిసే ఇంటికొస్తాం. తాళం మేమే తీస్తాం. వచ్చేసరికి బాత్రూం నేల తడిగా ఉండేది. పొద్దున నిండుగా పెట్టిన బకెట్టు సగానికి దిగి ఉండేది. ప్లంబర్ వచ్చి చూసి ఎక్కడా లీకు లేదని చెప్పి, చూసినందుకు డబ్బు తీసుకుని పోయాడు. గదుల్లో ఒక వాసన కూడా ఉండేది. ఉతికి ఆరేయకుండా రోజుల తరబడి మూటకట్టి వదిలేసిన బట్టల వాసన. నా వృత్తిలో ఆ వాసన నాకు కొత్త కాదు. కానీ నా ఇంట్లో అలాంటి మూట లేదు.

ఒక రాత్రి నేను నీళ్ళ గురించి గొణుక్కుంటుంటే పాప దగ్గరికొచ్చి కూర్చుంది.

"అమ్మా, కోప్పడనంటే ఒకటి చెప్తా."

"చెప్పు."

"అది ఎక్కువ నీళ్ళు పోసుకోదమ్మా. రెండు చెంబులే. సబ్బు కూడా నాదే వాడుకుంటుంది."

పిల్లలు ఏవేవో కల్పిస్తారు. అందులోనూ తోడు లేని పిల్ల. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. ఒళ్ళు మండింది. "ఊరికే ఉండడానికి ఇది సత్రం కాదని చెప్పు దానికి," అన్నాను. పాప ఒకసారి బాత్రూం వైపు చూసి తల దించుకుంది.

నాలుగో నెలలో వచ్చింది ఆ రాత్రి.

పొద్దున్నించీ ముసురు. షాపులో బట్టలు ఆరక, ఇద్దరు కస్టమర్లతో మాటలు పడి, తడిసిన చెప్పులతో ఇంటికొచ్చాను. అన్నం తిని లేచేసరికి తలుపు సందులోంచి చీటీ లోపలికి జారింది. ముగ్గురు. దాని కింద పాత ఫైను. దాని కింద ఫైను మీద ఫైను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"పళ్ళేలు రెండూ కడిగెయ్యి, ఇప్పుడే వస్తా," అని పాపతో చెప్పి మెట్లు దిగాను. వరండాలోనే దొరికాడు. ఆయన రానంటే రెక్క పుచ్చుకుని అయినా లాక్కొచ్చేదాన్ని. "ఈసారి నా కళ్ళెదుట లెక్కపెట్టండి," అన్నాను. దారంతా రూల్సు చెబుతూ, ఆయాసపడుతూ ఎక్కాడు. రెండో అంతస్తులో మా కింది ఫ్లాటు ఆవిడ తలుపు తీసి తమాషా చూసింది.

మా తలుపు తోశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"జనరేటరు వెయ్యండి!" అన్నాను.

"డీజిల్ లేదమ్మా."

"మరి ప్రతి నెలా కడుతున్న ఛార్జి?"

"అది జనరేటరుకి. డీజిల్ వేరే. లైటు రానీ, చీకట్లో తలలు ఎలా లెక్కపెడతాను?"

వంటింట్లో కుళాయి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాలో ఏదో తెగింది. అన్నయ్య మీద కోపం, మొగుడి మీద కోపం, లిఫ్టు మీద కోపం, అన్నీ ఒక్కసారే నోట్లోకొచ్చాయి. బిల్డింగంతా వినపడేలా అరిచాను.

"లెక్క నేను చెప్తున్నాగా! ఈ ఇంట్లో ఇద్దరే ఉండాలి. మూడో మనిషి ఉండడానికి వీల్లేదు. ఎవర్ని తీసేస్తారో తీసేయండి, నాకు మాత్రం ఇద్దరే కావాలి!"

కుళాయి ఆగిపోయింది.

సెక్రటరీ గుమ్మం బయటే ఉన్నాడు. ఆయన ఆయాసం వినిపిస్తోంది. నేను హాల్లో రెండడుగులు వేసి నిలబడ్డాను. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"పాపా..."

నేల మీద చిన్న పాదాల చప్పుడు... మెల్లగా... నా వైపే. వంటింటి తలుపూ బాత్రూం తలుపూ పక్కపక్కనే. ఎందులోంచి వస్తోందో తెలియలేదు. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకో వైపు నుంచి.

ఆ వాసన గుప్పుమంది.

నా కుడి చేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. వెచ్చగా, పొడిగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు నా ఎడమ చేతిలోకి... ఇంకో చెయ్యి.

అంతే చిన్నది. తడిగా ఉంది. చల్లగా, జారుతూ ఉంది. దాని వేళ్ళ మీంచి నీళ్ళు నా పాదం మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

బాత్రూంలో తడి నేల గుర్తొచ్చింది. సగం దిగిన బకెట్టు గుర్తొచ్చింది. నాలుగు నెలలుగా నా నీళ్ళు వాడుకున్నది ఇదే. నా బిడ్డని నాకు దక్కకుండా చేస్తున్నది ఇదే. భయం కంటే కోపమే ముందొచ్చింది. చెయ్యి విదిలించాను. అది వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మా..." అని గుసగుసగా అంది. "జారిపోతోందమ్మా... పట్టుకో..."

నా కూతురి గొంతే. అచ్చంగా. అందుకే ఇంకా మండింది. దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను... ఒకటి... ఇంకొకటి... ఆఖరి వేలు కూడా ఊడింది. పడ్డ చప్పుడు లేదు. పరిగెత్తిన చప్పుడు లేదు.

లైటొచ్చింది.

సెక్రటరీ వేలెత్తి, "నువ్వు ఒకటి. పాప రెండు," అన్నాడు. అద్దాలు సర్దుకుని గది నాలుగు మూలలూ చూశాడు. "నిజమేనమ్మా. ఇద్దరే. ఇన్నాళ్ళూ నాకే కళ్ళు సరిగ్గా ఆనినట్టు లేదు. ఫైను కూడా కొట్టేస్తాలే."

నా కుడి చెయ్యి పట్టుకుని పాప నిలబడి ఉంది. పాప గౌను. పాప జడ. పాప మొహం. దాని చెయ్యి ఇప్పుడే ఇస్త్రీ తీసిన బట్టలా పొడిగా ఉంది. వంటింటి సింకులో ఒక పళ్ళెం కడిగి ఉంది, రెండోది సగంలో ఆగింది.

నా ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాను. దాని నిండా గిన్నెల సబ్బు నురుగు.

ఆ తర్వాత ఎంత అరిచానో, ఎన్ని తలుపులు తీసి వెతికానో చెప్పను. ఎవరికి చెప్పినా ఒకటే మాట: "పాప నీ పక్కనే ఉంది కదమ్మా!" స్కూల్లోవాళ్ళు పాప అల్లరి మానేసిందని మెచ్చుకున్నారు. ఆరు నెలలు నిండాక అన్నయ్య వచ్చాడు. అది వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. "ఎంత బుద్ధిమంతురాలైందే! నెగ్గావే నువ్వు, ఇంక పాప నీ దగ్గరే ఉంటుంది," అని కళ్ళు తుడుచుకున్నాడు. వాడి మొహం మీద వేడి టీ పోయాలనిపించింది. అవును, నెగ్గాను. అన్ని ఛార్జీలూ పోను జీతంలో ఇంకా మిగులుతోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది.

సెక్రటరీ కాళ్ళ మీద పడ్డాను. ముగ్గురని రాసుకోండి, ఫైనుతో సహా కడతానన్నాను. "లేని తలకి డబ్బు తీసుకుంటే తప్పు కదమ్మా," అన్నాడు. ఇన్ని ఛార్జీలు కనిపెట్టిన మనిషికి అప్పుడు గుర్తొచ్చింది తప్పు!

నిన్న సాయంత్రం పనినుంచి వస్తుంటే కింది ఫ్లాటు ఆవిడ మెట్ల మీద ఆపింది. మొహం జేవురించి ఉంది.

"చూశారాండీ ఈ ముసలాయన అన్యాయం! నేనూ, మా ఆయనా, మా అత్తగారూ. మొత్తం ముగ్గురం. ఈ నెలా నలుగురనే రాశాడు. ఇంట్లో పిల్ల ఉందంటాడు! మాకు పిల్లలెక్కడండీ?"

"ఎప్పట్నించి?" అన్నాను.

"మీరు పోట్లాడి తీయించుకున్నారే, ఆ తర్వాత్నించే. మీదంతా ఇటు తోసినట్టున్నాడు. నేనూ ఊరుకోను. ఇవాళ రాత్రి పిలిపిస్తున్నా. మీలాగే గుమ్మంలో నిలబెట్టి తీయించి పడేస్తా."

"వద్దు," అన్నాను. "అలా అనకండి. ఆ తల డబ్బు నేను కడతాను. ప్రతి నెలా కడతాను."

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి తలుపేసుకుంది.

భోజనాల వేళకి ఆవిడ గొంతు పైకి వినిపించింది. "తీసెయ్యండి, ముగ్గురే ఉండాలి..." అని మొదలుపెట్టింది. చెప్పులు కూడా లేకుండా మెట్లు దూకాను. గుమ్మం ముందు సెక్రటరీ నిలబడి ఉన్నాడు. లోపల గోడ పక్కన ఆవిడా, మొగుడూ, కుర్చీలో అత్తగారూ. వాళ్ళ వెనక గదిలో దీపం లేదు.

"నలుగురు!" అని అరిచాను. "నలుగురే ఉన్నారు, సరిగ్గా చూడండి! ఎంతమందైనా రాసుకోండి, అందరికీ నేనే కడతాను!"

ఆయన నన్ను పట్టించుకోలేదు. వేలెత్తి లోపలికి చూపించాడు. ఒకటి, రెండు, మూడు అన్నాడు. వేలు ఆ చీకటి గది వైపు తిరిగింది. నాలుగు అన్నాడు.

వేలు దించలేదు. కొంచెం పక్కకి జరిపాడు.

"ఐదు," అన్నాడు. గొంతు తడబడింది. "ఆరు... ఏడు..."

ఎంతమందైనా రాసుకోమన్నది నేనే. ఆయన ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు.