ఏటి ఒడ్డున నల్లరాయి

"అయ్యా, మా తమ్ముడే చేశాడేమో కనుక్కోండి!" కూర్చోకుండానే ఏడుపందుకుంది టైలరు భార్య.

అసిస్టెంట్ నోరెళ్లబెట్టాడు. తమ్ముణ్ని కాపాడమని కాళ్లావేళ్లా పడే అక్కల్ని చూశాడు గానీ, ఇదెక్కడి అక్క! డిటెక్టివ్ మాత్రం మంచినీళ్లిచ్చి నింపాదిగా విన్నారు. నిన్న పొద్దున టైలరు తల పగిలి ఏటి ఒడ్డున పడి ఉన్నాడు. పక్కన నెత్తుటి మరకతో నల్లరాయి. మొదట చూసింది బావమరిదే. మొన్ననే బావాబావమరుదులు వీధంతా వినేలా పోట్లాడుకున్నారు. ఇంకేం, పోలీసులు అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో టైలరు ఇంకా కళ్లు తెరవలేదు.

స్టేషన్లో డిటెక్టివ్ దారానికి అయస్కాంతం కట్టి ఆ రాయి దగ్గర వేలాడదీశారు. అది రాయివైపు మొగ్గింది.

"బసాల్ట్. లావా చల్లారి గట్టిపడిన రాయి. లోపల ఇనుముంది కాబట్టే ఈ లాగుడు. ఈ కన్నాలు అప్పటి గాలిబుడగలు."

"ఏటినిండా అవేగా సార్, ఇందులో వింతేముంది?" ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు.

ఒడ్డున ఏరి తెచ్చిన రాళ్ల కన్నాలను డిటెక్టివ్ గుండుసూదితో కెలికారు. ఇసుక, ఒండ్రు రాలాయి. నెత్తుటి రాయి కన్నాల్లోంచి మాత్రం మెత్తటి నీలం పొడి రాలింది. అసిస్టెంట్ గుడ్లప్పగించి చూశాడు.

టైలరు షాపులో కటింగ్ మాస్టర్ నీలం సుద్దతో గుడ్డమీద గీతలు గీస్తున్నాడు. గుడ్డ జారకుండా మూడు మూలలా నల్లరాళ్లు, నాలుగో మూల ఇస్త్రీపెట్టె.

"ఏటి రాళ్లండీ, మా ఓనర్ ఎప్పుడో తెచ్చారు. బరువుంటాయి, గుడ్డకి పట్టుకోవు," అన్నాడు మాస్టర్ నవ్వు పులుముకుని.

"బయటున్న వ్యాన్ ఎవరు నడుపుతారు?"

"నేనే. తాళం ఇంకెవరి చేతికీ ఇవ్వను సార్!"

సాయంత్రం అందరినీ ఆ షాపులోనే కూర్చోబెట్టారు. కానిస్టేబుల్ పక్కన తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు.

"రాయి ఏటిదే," అన్నారు డిటెక్టివ్. "కానీ ఏళ్లతరబడి ఈ బల్లమీదే ఉంది. సుద్దపొడి కన్నాల్లోకి దిగింది. పైపైన కడిగితే పోదు. అంటే దెబ్బ ఇక్కడే పడింది. ఏటి రాయిని ఏటి ఒడ్డునే పడేస్తే ఎవడు పోల్చుకుంటాడని మనిషినీ రాయినీ కలిపి తీసుకెళ్లారు. అందుకు బండి కావాలి. తాళం ఎవరికీ ఇవ్వనన్నది మీరే మాస్టారూ. ఇందాకే ఇన్‌స్పెక్టర్ గారు వ్యాన్‌లో చాప ఎత్తి చూశారు, నెత్తురుంది."

మాస్టర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "కస్టమర్ల గుడ్డ అమ్ముకుంటున్నానని కనిపెట్టాడు సార్... అందరికీ చెప్తానన్నాడు..."

అక్క పరుగున వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "బతికించాడు దేవుడు! నీ తప్పేం లేదురా!"

"నిన్నంతా గుమ్మంవైపే చూస్తూ కూర్చున్నానక్కా. ఎందుకు రాలేదు? నువ్వు కూడా నేనే అనుకున్నావా?"

ఆమెకు అబద్ధం నోటికి రాలేదు.

తమ్ముడు మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "పద. బావ కళ్లు తెరిచేసరికి ఎవరో ఒకరం ఉండాలిగా," అంటూ ఆమె కోసం ఆగకుండా నడిచాడు.