ఖాళీగా వెళ్ళిన గిన్నె

నేను అబద్ధం ఆడను. ఈ జిల్లాలో ఎవరినైనా అడగండి. నిన్న శనివారం హౌగెన్ వాళ్ళింట్లో జరిగింది చూసింది చూసినట్టు చెబుతాను, ఎందుకంటే నేను వాళ్ళ పక్కింటివాణ్ణి. రెండిళ్ళ మధ్యా ఒక్క మొక్కజొన్న చేనే అడ్డం. చేను రెండు మైళ్ళుంటుంది, నిజమే. కానీ మా మిన్నెసోటా నేల ఎంత చదునంటే, పక్క జిల్లాలో కోడి గుడ్డు పెడితే మా గుమ్మంలో నిలబడి దాని రంగు చెప్పొచ్చు.

పొద్దున్నే ఆ ఇంటావిడ లవాన్ కాఫీ పెట్టింది. ఆమె కొడుకు రోలీ, పదహారేళ్ళవాడు, రొట్టె మాడ్చేశాడు. మాడ్చింది తను కాదనీ, పొయ్యికి ఈమధ్య పౌరుషం ఎక్కువైందనీ నవ్వకుండా చెప్పాడు. మామూలుగా అయితే తల్లి నవ్వేది. నిన్న నవ్వలేదు. శుక్రవారమంతా ఆమె కంపెనీ లాయర్ల ముందు కూర్చుని వచ్చింది.

రోలీ పుట్టాక బిడ్డకీ బిడ్డకీ కాస్త ఎడం ఉంటుందని డాక్టరు ఆమెకి లూప్ వేశాడు. ఆ లూప్ తయారీలోనే లోపం ఉంది. దాని దారం వెంట విషం లోపలికి పాకింది. నెలల తరబడి జ్వరాలు, చివరికి గర్భసంచి తీసేశారు. ఆ లూప్ చేసిన కంపెనీ మీద దేశమంతా ఎందరో ఆడవాళ్ళు దావా వేశారు, లవాన్ కూడా వేసింది. సోమవారం విచారణ. ఇంట్లో మాత్రం అమ్మకి కడుపులో ఏదో జబ్బు చేసిందనే రోలీకి చెబుతూ వచ్చారు. దావా వేసి ఏడాదైనా, అసలు సంగతి వాడికి మొన్న శీతాకాలంలోనే తెలిసింది.

లాయర్లు అడగకూడనివన్నీ అడిగారట. ఆఖర్న ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "పిల్లవాణ్ణి చూసి ఒక్కడు చాలు, దుకాణం కట్టేయండని మీరే డాక్టరుతో అన్నారట కదా. మరి ఈ లూప్ వల్ల మీరు పోగొట్టుకున్నదేమిటి?" అన్నాడట. సొంత లాయరే తల పట్టుకున్నాడు. ఆ మాట అలాగే నిలబడిపోతే కేసు నిలబడదన్నాడు.

"ఆర్డిస్ తప్ప ఇంకెవరు చెబుతారు," అంది లవాన్. ఆర్డిస్ ఆమె ఆడపడుచు. ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది ఆమే, లోపలి సంగతులన్నీ తెలిసిందీ ఆమే. మొగుడు ఆరిన్ తన చెల్లెలు అలాంటిది కాదని గొణిగి, బాగానే ఉన్న ట్రాక్టరు బాగుచెయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ వారం వారం బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఓవెన్‌లో ఉడికించిన గిన్నె పంపుతుంది. మా దగ్గర వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఏమీ లేకపోతే తోటలో ఉల్లికాడలైనా పడతాయి. లవాన్ ఆ గాజుగిన్నె తళతళా మెరిసేలా తోమి, తుడిచి, ఉత్తదే రోలీ చేతిలో పెట్టింది.

"ఇచ్చేసి రా. ఏమీ చెప్పక్కర్లేదు."

రోలీ గిన్నె సంకలో పెట్టుకుని బయల్దేరాడు. చేను గట్టున వాడు అంత నెమ్మదిగా నడవడం చూసి, మొక్కజొన్న రెండంగుళాలు పెరిగింది.

ఆర్డిస్ తలుపు తీసి ముందు గిన్నె లోపలికి చూసింది. తర్వాత వాడి మొహం చూసింది. పొడిగా ఉన్న గిన్నెనే నడుముకి కట్టుకున్న గుడ్డతో మళ్ళీ తుడిచింది.

"కాఫీ తాగుతావా?"

"అమ్మ గురించి నువ్వు ఎవరితోనైనా ఏమన్నా అన్నావా అత్తా?" అన్నాడు రోలీ, ఏమీ ఎరగనట్టు.

"సంతలో నేను రెండో వరసలో కూర్చున్నాన్రా," అంది ఆర్డిస్.

అంటే కిందటి ఆగస్టులో, జిల్లా సంతలో జరిగే అబద్ధపు కోతల పోటీలో. నిజం మొహం పెట్టి పెద్ద కోత కోసినవాడికి వెండిరంగు పూసిన పార ఇస్తారు. రోలీకే వచ్చింది. ముందు వరసలో బూడిదరంగు టోపీ ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. పోటీ అయ్యాక వాడికి ఆపిల్ పై ముక్క కొనిపెట్టి, ఇంటి కబుర్లు అడిగాడు. ఊరికి కొత్త.

"ఆ టోపీ ఆయన నీతో మాట్లాడుతుంటే నేను నీ వెనకే ఉన్నాను. నేనూ నవ్వాను."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"ఎల్లుండి మీ అమ్మ కోర్టు మెట్లెక్కాలి. ఆడపడుచు లేకపోయినా ఎక్కుతుంది. పక్కన కొడుకు లేకపోతే ఎక్కలేదు. ఇక వెళ్ళు, చలిగా ఉంది."

చలేమీ లేదు. రోలీ ఆమె చేతిలోని గిన్నె మళ్ళీ సంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

లవాన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "పుచ్చుకోలేదా?"

"ఇది ఖాళీగా వెళ్ళాల్సింది కాదమ్మా. చెప్పింది అత్త కాదు."

కత్తి ఆగింది.

"నీకు అన్నాదమ్ములు లేరేం అని సంతలో టోపీ ఆయన ఒకాయన అడిగాడు, కంపెనీ మనిషే అయ్యుంటాడు. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. నన్ను చూసి ఒక్కడు చాలు, దుకాణం కట్టేయండని నువ్వు డాక్టరుతో అన్నావని."

"నేను ఎప్పుడన్నా అన్నానా ఆ మాట?"

"లేదు. చిన్నప్పుడు నేనే అల్లాను. నువ్వు నవ్వావు. అందుకని మళ్ళీ మళ్ళీ చెప్పాను."

"నవ్వక ఏం చెయ్యను? అంత పిల్లాడికి ఏమని చెప్పను?" లవాన్ చేతులు తుడుచుకుంది. "మేడమీద చిన్నగదికి పసుపు రంగు ఎందుకో తెలుసా నీకు?"

స్కూలు బస్సుకి వేయగా మిగిలిన రంగని వాడు ఊరంతా చెబుతాడు.

"నీ తర్వాతి బిడ్డకని నేనే వేశాను. రంగు ఆరకముందే ఆస్పత్రిలో పడ్డాను. నువ్వు బస్సు కథ చెప్పినప్పుడల్లా ఆ గది తలుపు కాసేపు తియ్యగలిగేదాన్ని. అదీ నిజమే."

వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె గిన్నె లాక్కుని బంగాళాదుంపలు పేర్చడం మొదలుపెట్టింది.

"ఉల్లిపాయలు కొయ్యి. ఉడికాక అత్తకి నువ్వే తీసుకెళ్ళు, నేనూ వస్తాను. సోమవారం కోర్టులో ఇదే చెప్పాలి. పార గెలిచిపెట్టే మాటలు కాదు. కోతల్లేకుండా చెప్పడం వచ్చా నీకు?"

వస్తుందన్నాడు. రాదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఇవాళ ఆదివారం, ముందు మీ దగ్గర చెప్పి చూసుకుంటున్నాను. మొదటి వాక్యంలోనే తప్పాను.

మాకు పక్కింటివాడెవడూ లేడు. చేను అవతల ఉన్నది మా అత్త ఇల్లు. మా గుమ్మంలోంచి ఏ గుడ్డూ కనిపించదు. రోలీని నేనే.

మా అమ్మ ఇంకో బిడ్డ కావాలనుకుంది. ఒక్కడు చాలని ఆమె ఎప్పుడూ అనలేదు. అన్నది నేను.