తిరగేసిన హుడ్

ఆ మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే, ఒక ఫోటోగ్రాఫర్ కెమెరా సంచిని గుండెలకు హత్తుకుని లెన్సుల రిపేరు షాపులోకి దూసుకొచ్చాడు. వచ్చీ రాగానే డాక్టర్ గారు లేరా అని అడిగాడు. ఆ షాపు పెద్దాయనను ఫోటోగ్రాఫర్లందరూ అలాగే పిలుస్తారు. బూజు పట్టినవీ, కిందపడి బిగుసుకుపోయినవీ ఎన్నో లెన్సుల్ని ముప్పై ఏళ్ళుగా బతికిస్తున్నందుకు ఆయనకు దక్కిన బిరుదు అది.

నాన్న భోజనానికి వెళ్ళారని ఆయన కూతురు చెప్పింది. నుదుటికి కట్టుకున్న భూతద్దాన్ని పైకి జరిపి, చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది.

"మీరెవరు, కాంపౌండరా?" అన్నాడతను.

"అనుకోండి. రోగమేమిటో చెప్పండి."

అతను ఏకరువు పెట్టాడు. పోయిన వారం ఈ లెన్సును ఇక్కడే సర్వీసు చేయించారు. నిన్న ఒక బడిలో ఈత పోటీలకు దీన్ని తీసుకెళ్ళాడు. రెండు వందల ఫోటోలు తీస్తే అన్నింటి మీదా పాలు ఒలికినట్టు తెల్లటి పొర. గెలిచిన పిల్ల ముఖం కూడా పొగలో ఉన్నట్టుంది. లోపలి అద్దాన్ని సర్వీసులో పాడుచేసి ఇచ్చారన్నాడు.

ఆమె వాదించలేదు. లెన్సును లైటుకేసి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. అద్దాలు తేటగా ఉన్నాయి. అప్పుడు లెన్సు చుట్టూ ఉన్న నల్లటి ప్లాస్టిక్ తొడుగు మీద ఆమె చూపు ఆగింది. అది లెన్సు హుడ్, పక్కల నుంచి వెలుగు పడకుండా అడ్డు. సంచిలో చోటు కలిసొస్తుందని అందరూ వెనక్కి తిప్పి పెట్టుకుంటారు. ఇదీ అలాగే వెనక్కి తిరిగి ఉంది.

నిన్న కూడా ఇది ఇలాగే ఉందా అని అడిగింది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందన్నాడతను, అందులో తప్పేముందన్నట్టు.

"గొడుగు మూసి చంకలో పెట్టుకుని, తడిసిపోయానని గొడుగు అమ్మినవాడితో పోట్లాడినట్టుందండీ మీ పని."

కెమెరాను బల్ల చివర పెట్టించింది. గోడ మీది గడియారాన్ని ఫోటో తీయమని చెప్పి, టేబుల్ లైటును లెన్సుకు ఏటవాలుగా, ఫోటోలో పడకుండా పక్కన నిలబెట్టింది. హుడ్ తిరగేసి ఉన్నప్పుడు ఒకటి తీయించింది. తర్వాత హుడ్‌ను తీసి, ముందుకు తిప్పి, టిక్కుమనే దాకా బిగించి ఇంకొకటి తీయించింది. మొదటి దాంట్లో గడియారం ముళ్ళు వెలిసిపోయి ఉన్నాయి. రెండో దాంట్లో నల్లగా, పదునుగా కనిపించాయి. నిన్న పక్కనుంచి ఎండ, కింద నీళ్ళ మెరుపు. ఫోటోతో సంబంధం లేని ఆ వెలుగంతా అద్దంలోకి చొరబడి రంగుల్ని కడిగేసింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. థాంక్స్ అన్నాడు. సారీ అనాలని గొంతుదాకా వచ్చింది గానీ, వాన తగ్గగానే అనకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

నిజానికి సారీ ఆమె ఒక్కదానికే కాదు, డాక్టర్ గారికీ బాకీ. ముందురోజు సాయంత్రం స్టూడియో యజమాని ఫోటోలు చూసి మండిపడినప్పుడు, తప్పు తన మీదికి రాకుండా అతను సర్వీసు పేరు చెప్పాడు. డాక్టర్ గారికి వయసు మీద పడింది కదా సర్, చేయి వణికిందేమో అన్నాడు. ఏదో ఒకటి అనాలని అన్న మాట అది. ఆయన చేతుల్ని అతను ఏనాడూ చూసింది లేదు.

షాపు నుంచి తిరిగెళ్ళాక యజమాని ఏమైందని అడిగాడు. సరైపోయింది సర్ అన్నాడు. పాడుచేసినవాళ్ళే బాగుచేసి ఇచ్చారని యజమాని అనుకున్నాడు. అతను దాన్ని దిద్దలేదు. చిన్న విషయమే కదా, రేపో మాపో మరిచిపోతారని సర్దిచెప్పుకున్నాడు.

నాలుగు రోజులకు మళ్ళీ షాపుకు వెళ్ళాడు. లెన్సు మూత పోయిందని సాకు. ఆ తర్వాత మరో సాకు. మూడోసారి సాకు దొరక్క, హుడ్ గురించి ఇంకా నేర్చుకోవాలని ఉందని నిజమే చెప్పేశాడు. పాఠానికి ఫీజు ఉంటుందని, ఎదురు హోటల్ నుంచి రెండు టీలు తేవాలని ఆమె అంది.

ఆమె పని ఆపకుండానే చెప్పేది. సూర్యుడే ఫోటోలో ఉంటే హుడ్ ఏమీ చేయలేదట. వెలుగు ఫోటో అంచుకు బయట ఉన్నప్పుడే దాని పనితనం. ఒక లెన్సు హుడ్ ఇంకో లెన్సుకు తగిలిస్తే, చెల్లెలి జాకెట్టు అక్కకు వేసినట్టు ఎక్కడో బిగుతుగా, ఎక్కడో వదులుగా ఉంటుందట. వెడల్పుగా చూసే లెన్సుకు పూరేకుల్లా కోసిన హుడ్ ఎందుకుంటుందో చూపించింది. అది కొంచెం పక్కకు తిరిగినా ఫోటో మూలలు నల్లబడతాయి. కెమెరా మీదే ఉండే ఫ్లాష్ వాడేటప్పుడు హుడ్ తీసేయాలి, లేకపోతే ఫోటో కింద అరచందమామలా నీడ పడుతుంది. ఈదురుగాలిలో స్టాండు మీద పెట్టినా తీసేయడమే మేలు, తెరచాపలా గాలిని పట్టి ఊపేస్తుంది.

"ఎప్పుడు పెట్టాలో అందరూ చెప్తారు. ఎప్పుడు తీయాలో తెలిసినవాళ్ళే తక్కువ," అంది.

ఒకరోజు మళ్ళీ వాన పట్టుకుంది. షాపు అద్దాల తలుపులోంచి వీధిని తీయబోతే గదిలోని లైట్లన్నీ అద్దం మీద కనిపిస్తున్నాయి. ఆమె డ్రాయర్లోంచి మెత్తటి రబ్బరు హుడ్ ఒకటి తీసిచ్చి, అద్దానికి ఆనించి తీయమంది. ఆనించగానే గది మాయమైంది. వీధి, వాన, ఎవరివో పరుగెత్తే కాళ్ళు మాత్రమే మిగిలాయి.

రెండు తీశాక అతను కెమెరాను రెండు వేళ్ళంత వెనక్కి జరిపి ఇంకొకటి తీశాడు. ఆమె వచ్చి తెర మీద చూసింది. వాన మధ్యలో, బల్ల ముందు తల వంచుకుని తనే కూర్చుని ఉంది.

"హుడ్ సరిగ్గా ఆనించలేదు," అంది.

"తెలుసు."

ఆమె వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు ఒకే స్క్రూని బిగిస్తూ ఉండిపోయింది.

అప్పటికి గానీ అతను షాపును పరకాయించి చూడలేదు. తను వచ్చిన ఇన్నిసార్లలో ఇంకో కస్టమర్ కనిపించలేదు. మొదట్లో లెన్సులతో కిటకిటలాడిన అరలు ఖాళీగా ఉన్నాయి. డాక్టర్ గారి కుర్చీ మీద దుమ్ము. నాన్నగారికి ఒంట్లో బాలేదా అని అడిగాడు.

ఆమె తన ఫోను ఇచ్చింది. స్టూడియో యజమానుల గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజి, పేరు లేకుండా చేతులు మారుతూ వచ్చింది. డాక్టర్ గారి చేతులు వణుకుతున్నాయి, సర్వీసుకిచ్చిన లెన్సు పాడైంది, ఇచ్చేముందు ఆలోచించుకోండి అని ఉంది. అది చదివిన రోజు నుంచి నాన్న గడప దాటలేదని, అన్నం ముందు కూర్చుని తన చేతులే చూసుకుంటున్నారని చెప్పింది.

"మొదట మీ మీదే అనుమానం వచ్చింది. కానీ మీరు కళ్ళారా చూసి వెళ్ళారు కదా. చూశాక కూడా అలా ఊరుకునే మనిషి కాదులే అనుకున్నాను."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. పని ఉందని లేచి వచ్చేశాడు. దారి పొడుగునా ఆ చివరి మాటే వినిపించింది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు స్టూడియో తెరవగానే యజమాని ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. గడియారం ఫోటోలు రెండూ చూపించాడు. చేయి వణికిందన్నది తన కల్పన అని, ఆ సంగతి తన పేరుతో సహా అదే గ్రూపులో పెట్టమని అడిగాడు. యజమాని ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తప్పు చేసినందుకు కాదుగానీ దాచినందుకు బయటి పనులన్నీ బంద్ అన్నాడు. ఇక మీదట లోపలి గదిలో పాస్‌పోర్టు ఫోటోలు తీసుకోమన్నాడు. మెసేజి మాత్రం అప్పటికప్పుడే పెట్టాడు, ఒక్క అక్షరం తగ్గించకుండా.

అక్కణ్ణుంచి నేరుగా షాపుకు వెళ్ళాడు. ఈసారి సాకు లేదు, టీ లేదు. నిలబడే చెప్పాడు. అంతా విన్నాక ఆమె, ఆ మాట అని ఎన్ని రోజులైందని అడిగింది.

"పదహారు."

"పదహారు రోజులు. అక్కడ మా నాన్న గడప దాటకుండా కూర్చున్నారు. మీరిక్కడ టీ తాగారు."

ఆమె మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

"సారీ నాకు కాదు. వెళ్ళి ఆయనకు చెప్పండి. ఆ తర్వాత ఇటు రాకండి."

ఇల్లు వెనక వీధిలోనే. డాక్టర్ గారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. అతను చెప్పిందంతా విన్నారు. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చేయి వణికి నీళ్ళు పంచె మీద ఒలికాయి. అతను గ్లాసు పట్టుకోబోయాడు. ఆయన వద్దన్నారు.

"నువ్వు ఊహించి అన్నావు, అది నిజమైంది. మూడేళ్ళుగా ఇంతే బాబూ."

మరి ఇన్ని లెన్సులు ఎవరు చేస్తున్నారని అడిగాడతను. అన్నీ అమ్మాయేనన్నారు. ఆడపిల్ల చేస్తుందంటే ఇవ్వరేమోనని తనే పక్కన కూర్చుని, తన పేరు మీద ఇప్పించేవారట. ఆమె చేయి తన చేతికన్నా స్థిరమైందని చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం, అది ఇన్నాళ్ళూ పైకి చెప్పలేదన్న దిగులు రెండూ ఉన్నాయి.

"మెసేజి చూసి నేను బాధపడింది నా చేతుల గురించి కాదు. మా అమ్మాయి చేతిలో తప్పు లేదని పదిమందిలో చెప్పాలంటే, పని దానిదేనని ముందు చెప్పాలి కదా. అది చెప్పే ధైర్యం లేకపోయింది."

నిజం చెప్పడానికి తనకు పదహారు రోజులు పట్టిందండీ అన్నాడతను. పెద్దాయన మొదటిసారి నవ్వారు. నాకు మూడేళ్ళు పట్టింది, నీకన్నా పెద్దవాణ్ణే అన్నారు.

ఆ సోమవారం డాక్టర్ గారు షాపుకు వచ్చారు. కౌంటరు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చేసేది మా అమ్మాయి, ఇష్టమైతే ఇవ్వండని చెప్పడం మొదలుపెట్టారు. కొందరు నసిగి వెళ్ళిపోయారు. ఒకరోజు స్టూడియో యజమానే ఒక పాత లెన్సు తెచ్చి, ఆమె ఎదురుగా గంటన్నర కూర్చుని పని చూశాడు. లేచేటప్పుడు, మరో మూడు పంపిస్తానమ్మా అన్నాడు. మాటల్లో మాటగా, మావాడు పాస్‌పోర్టు గదిలో మగ్గుతున్నాడు, అయినా ఒక్కమాట సణగలేదు అని కూడా అన్నాడు. ఆ శిక్ష సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇటు రావద్దన్నందుకు అతను రాలేదు. ఆ వీధిలోంచి పోవలసి వచ్చినా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. రోజుకు ముప్పై ముఖాలు తీసేవాడు. గడ్డం కొంచెం కిందికి, భుజాలు సమంగా, నవ్వకూడదు. ఇవే మాటలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

నెలన్నర తర్వాత ఒక ఉదయం స్టూలు మీద వచ్చి కూర్చున్న మనిషిని చూసి అతని నోట ఆ మాటలు రాలేదు.

ఆమే మొదలుపెట్టింది. లెన్సులు తయారుచేసే కంపెనీ ఒకటి వేరే ఊళ్ళో మూడు నెలల శిక్షణ ఇస్తోందని, దరఖాస్తుకు ఫోటో కావాలని చెప్పింది. నాన్నే పట్టుబట్టి పంపిస్తున్నారట. అతను తలూపి, లైట్లు సర్దాడు.

"గడ్డం కొంచెం కిందికి," అన్నాడు.

ఆమె దించింది. అతను కెమెరాలోంచి చూశాడు. నొక్కలేదు. కెమెరా కిందికి దించాడు.

"అడక్కుండానే చెప్తున్నాను. ఈసారి ఆలస్యం చేయదల్చుకోలేదు. నాకు మీరంటే ఇష్టం. మీరు ఏమీ చెప్పక్కర్లేదు. శిక్షణకు వెళ్ళిరండి. దాచిపెట్టానని మాత్రం మళ్ళీ అనిపించుకోకూడదు, అంతే."

ఆమె ఒడిలో చేతులు చూసుకుంది. తనకు కోపం పోవడానికి చాలా రోజులు పట్టిందని చెప్పింది. పోయిన తర్వాత కూడా ఇంకా ఉందేమోనని కొన్నాళ్ళు వెతుక్కుందట. ఫోటో తీసే స్టూడియోలు ఇంటికి దగ్గర్లో నాలుగున్నాయి, రెండు బస్సులు మారి ఇక్కడికే ఎందుకొచ్చానో దారంతా ఆలోచించానంది.

"తెలిసిందా?" అన్నాడు.

"రాత్రి అన్నం తింటూ నాన్న అడిగారు, ఆ అబ్బాయి మళ్ళీ మనింటికి ఎప్పుడొస్తాడని."

"మీరేమన్నారు?"

"అడిగి చెప్తానన్నాను."

అతను ఈ ఆదివారమే అంటూ గోడ మీది క్యాలెండరు చూపించబోయి కెమెరా పట్టీలో చేయి ఇరికించుకున్నాడు. ఆమె నవ్వింది. నవ్వకూడదని అతను చెప్పలేదు. ఆ ఫోటో దరఖాస్తుకు పనికిరాదని ఇద్దరికీ తెలుసు, అయినా అతను నొక్కాడు.